అక్క పెళ్లి క్యాసెట్ నుంచి అమ్మ డీవీడీ ప్లేయర్ దాకా: ఏడు ఆదివారాల డైరీ

జూన్ 8, ఆదివారం

అమలాపురం నుంచి నాన్న పంపిన పార్సిల్ వచ్చింది. లోపల ఒక వీహెచ్ఎస్ క్యాసెట్, మూడు వీసీడీలు, ఒక చీటీ. చీటీ మీద నాన్న రాత: "ఒక్కటే ఉంది. జాగ్రత్త."

క్యాసెట్ 1997లో జరిగిన అక్క పెళ్లిది. 180 నిమిషాల టేపులో 172 నిమిషాలు నిండింది. అమ్మకి అది డిస్కు రూపంలోనే కావాలి. ఫోన్‌లో పెట్టిస్తానంటే వద్దంది. పెన్‌డ్రైవ్ అంటే టీవీ రిమోట్‌తో నాలుగు మెనూలు దాటాలి, అది ఆవిడ వల్ల కాదు. డీవీడీ ప్లేయర్ మాత్రం చేతికి అలవాటైన వస్తువు. పొద్దున్నే విష్ణు సహస్రనామం డిస్కు పెట్టేది దాన్లోనే.

ముందు వీసీడీలు పెట్టి చూశాను. 2003 ప్రాంతంలో ఊళ్లో ఒక స్టూడియోవాళ్లు క్యాసెట్ నుంచి ఎక్కించి ఇచ్చినవి. వీసీడీ అంటే 352×288 చుక్కల సైజు, ఎంపెగ్-1 అనే పాత కుదింపు పద్ధతి, సెకనుకి 1,150 కిలోబిట్లు. ఒక్కో సీడీలో 74 నిమిషాలు పడుతుంది కాబట్టి మూడు అయ్యాయి. జనం కదలకుండా కూర్చున్నంతసేపూ బొమ్మ ఫర్వాలేదు. తలంబ్రాల దగ్గరకి వచ్చేసరికి తెర మొత్తం గళ్లు గళ్లు. బియ్యం పోస్తున్నారని మనం ఊహించుకోవాలి.

ఈ వీసీడీలనే డీవీడీగా మార్చేస్తే పని గంటలో అయిపోతుంది. 352×288 ఎంపెగ్-1ని డీవీడీ నిబంధనలు ఒప్పుకుంటాయి కూడా. వీడియోని ముట్టుకోకుండా, ఆడియోని 44.1 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కి మారిస్తే చాలు. క్యాసెట్ పోయుంటే అదే చేసేవాణ్ని. క్యాసెట్ ఉండగా దాని నకలుకి నకలు తీయడానికి మనసొప్పలేదు.

జూన్ 14, శనివారం

బాబాయి అటక మీద రెండు వీసీఆర్లు దొరికాయి. ఒకటి ప్లే అవుతుంది. రెండోది ప్లే అవదు కానీ రివైండ్ అవుతుంది. ఆ రెండోదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఎందుకంటే క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలాంటిది. బూజు. కోనసీమ గాలిలో తేమకి ఇది మామూలే. దీన్ని తిన్నగా మంచి వీసీఆర్‌లో పెడితే బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది. అందుకని ప్లే అవని వీసీఆర్ మూత విప్పి, టేపు నడిచే దారిలో పోగులు రాలని మెత్తటి గుడ్డని ఆనించి పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి రెండుసార్లు తిప్పాను. బాల్కనీలో, ముక్కుకి మాస్కుతో. గుడ్డ మీద బూడిద రంగు చార పడింది.

ప్లే అయ్యే వీసీఆర్‌కి హెడ్ క్లీనింగ్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామీ తోలు ముక్కని హెడ్లు ఉండే డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో డ్రమ్ముని మెల్లగా తిప్పాలి. పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు అసలు వాడకూడదు, పోగు ఇరుక్కుంటే హెడ్ ఊడొస్తుంది. చిన్నప్పుడు మా వీధి వీడియో లైబ్రరీ అంకుల్ పది రూపాయల నోటుతో రుద్దడం చూశాను. ఆ హెడ్లు ఎన్నాళ్లు బతికేవో ఆయనకే తెలియాలి.

జూన్ 15, ఆదివారం

క్యాప్చర్, అంటే టేపు బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. మొదటి ప్రయత్నం. వీసీఆర్ పసుపు పిన్ను నుంచి యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్, అక్కణ్నుంచి ల్యాప్‌టాప్, అందులో వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్. 172 నిమిషాలు పక్కనే కూర్చున్నాను. చివరికి లెక్క చూస్తే 214 ఫ్రేములు డ్రాప్. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున ఎనిమిదిన్నర సెకన్లు గల్లంతు. అక్క కన్నీళ్లు పెట్టుకున్నాక ఎనిమిది సెకన్లకి ఏడుపు వినిపిస్తోంది.

తప్పు స్టిక్‌ది కాదు. పాత టేపు మీద ఒక్కో గీత ఒక్కో వేళకి వస్తుంది, కాస్త ముందో కాస్త వెనకో. ట్యూబ్ టీవీ ఆ తడబాటుని సర్దుకునేది. డిజిటల్ క్యాప్చర్‌కి అంత ఓపిక ఉండదు, లెక్క తప్పిన ఫ్రేముని వదిలేస్తుంది. దీనికి టైమ్ బేస్ కరెక్టర్ అని వేరే పెట్టె ఉంటుంది, దాని ధర నా బడ్జెట్‌లో లేదు. ఆఫీసులో ఒక మిత్రుడి దగ్గర పాత డీవీడీ రికార్డర్ మూలన పడి ఉందని గుర్తొచ్చింది. కొన్ని రికార్డర్లు లోపలికొచ్చిన బొమ్మని ఒకసారి మెమరీలో నిలిపి, గీతలు సరిచేసి బయటకి పంపుతాయి. దాన్తో రికార్డింగ్ చేయనక్కర్లేదు, మధ్యలో పెడితే చాలు.

సాయంత్రం తెచ్చి వీసీఆర్‌కీ స్టిక్‌కీ మధ్యన తగిలించాను. మళ్లీ 172 నిమిషాలు. ఈసారి డ్రాప్ మూడే, అవి కూడా టేపు మొదట్లో పేర్లు పడే చోట. గుమ్మం, స్తంభాల అంచులు ఇందాక పాములా మెలికలు తిరిగినవి నిటారుగా నిలబడ్డాయి.

క్యాప్చర్ 720×576, హఫ్‌వైయూవీ కోడెక్. ఇది బొమ్మలో ఏమీ పారేయదు, జాగా మాత్రం తింటుంది. ఫైలు దాదాపు 100 జీబీ. చివరికి 4.7 జీబీ డిస్కులోకి కుక్కాల్సినదాన్ని 100 జీబీగా ఎందుకు దాచడమని మా ఆవిడ అడిగింది. మధ్యలో ఎన్నిసార్లు సరిచేసినా మొదటి నుంచి మొదలుపెట్టాలంటే ఇదే కావాలి. ముందే ఎంపెగ్‌లోకి క్యాప్చర్ చేస్తే, టేపు గరుకుదనానికి తోడు ఎంపెగ్ గళ్లు కూడా వచ్చి చేరతాయి. రెండోసారి ఎన్‌కోడ్ చేసేటప్పుడు, అంటే డిస్కుకి పట్టేలా కుదించేటప్పుడు, ఎన్‌కోడర్ ఆ గళ్లని కూడా పాపం శ్రద్ధగా దాచిపెడుతుంది.

జూన్ 22, ఆదివారం

ఈ రోజంతా తలంబ్రాల సీను మీదే గడిచింది. ఎన్‌కోడింగ్ జోలికి పోలేదు.

ఫ్రేము ఆపి చూస్తే అక్క చెయ్యి దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది. ఇది చెడిపోయిన బొమ్మ కాదు, ఇంటర్‌లేస్. అప్పటి మన టీవీ పద్ధతి పాల్. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతి క్షణానివి. అంటే కదలిక సెకనుకి 50 సార్లు నమోదవుతుంది.

ఫీల్డులని విడదీసి ఒక్కోటే చూశాను. ఒక దాంట్లో బియ్యం అక్క దోసిట్లోంచి అప్పుడే జారుతున్నాయి. తర్వాతి దాంట్లో బావ తలపాగా అంచుకి చేరాయి. ఆ తర్వాత దాంట్లో బాసికం మీద పడి చెదిరాయి. నాలుగోదాంట్లో బావ కళ్లు మూసుకున్నాడు. వీసీడీ చేసినవాళ్లు ప్రతి జతలోనూ ఒక ఫీల్డుని పారేశారు, ఎందుకంటే 288 గీతల్లో ఒకటే పడుతుంది. మిగిలినదాన్ని 1,150 కిలోబిట్లలోకి నొక్కేశారు. ఎగిరే బియ్యపు గింజలంటే ఎన్‌కోడర్‌కి పెద్ద పరీక్ష. ప్రతి గింజా చిన్నది, ప్రతిదీ వేరే దిక్కున పోతుంది, ముందు ఫ్రేములోంచి అప్పు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంటర్‌లేస్ కనిపించగానే, రెండు ఫీల్డులనీ ఒకే బొమ్మగా కలిపే డీఇంటర్‌లేస్ బటన్ నొక్కేయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. ఇక్కడ అది అనవసరం. డీవీడీ పుట్టిందే ఇంటర్‌లేస్ బొమ్మ కోసం. ఫీల్డులని ఉన్నవి ఉన్నట్టు ఇస్తే ట్యూబ్ టీవీ వాటిని అలాగే చూపిస్తుంది, ఎల్ఈడీ టీవీ తన పాట్లు తాను పడుతుంది. నేను ఆ 50 ఫీల్డులని 25 బొమ్మలకి కుదిస్తే సగం కదలిక ఇక్కడే పోతుంది.

ఇక సైజు. పాల్ డీవీడీ ఒప్పుకునే కొలతలు నాలుగే: 720×576, 704×576, 352×576, 352×288. అందరూ 720 పెడతారు, పెద్దదే మంచిదని. కానీ వీహెచ్ఎస్ అడ్డంగా చూపగలిగేది 240 గీతల నాణ్యత. తెర వెడల్పు మొత్తానికి లెక్కేస్తే సుమారు 320 చుక్కలు. 720 చుక్కల్లో సగానికి పైగా ఖాళీ గిన్నెలే, వాటిలో టేపు గరుకు తప్ప ఏమీ ఉండదు. నిలువులో మాత్రం 576 గీతలూ కావాలి, రెండు ఫీల్డులూ అందులోనే ఉన్నాయి కాబట్టి.

అంటే 352×576. ఇందులో ఇంకో సుఖం ఉంది. 720లో రెండు పక్కలా ఎనిమిదేసి చుక్కలు తీసేస్తే 704, అందులో సరిగ్గా సగం 352. వెడల్పు మాత్రమే తగ్గుతుంది, ఏ గీతా పక్క గీతతో కలవదు, ఫీల్డుల జోలికే పోము. ఎత్తు మార్చాల్సి వస్తే ముందు డీఇంటర్‌లేస్, తర్వాత రీసైజ్, మళ్లీ ఇంటర్‌లేస్ అని పెద్ద తతంగం.

తలంబ్రాల రెండు నిమిషాల ముక్కని రెండు సైజుల్లోనూ 3,000 కిలోబిట్ల దగ్గర ఎన్‌కోడ్ చేశాను. 720లో బియ్యం పడ్డప్పుడల్లా బావ మొహం చుట్టూ గళ్లు. 352లో గింజలు గింజల్లా ఉన్నాయి. ఏమైనా పోయిందా అని పావుగంట వెతికాను. ఒక పట్టుచీర అంచు దగ్గర కాస్త అనుమానం తగిలింది, కానీ అది నా కళ్లదో చీరదో తేల్చుకోలేకపోయాను.

జూన్ 24, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చాక గంట. అమ్మ నుదుటి మీద బొట్టు గుండ్రంగా, నల్లగా ఉంది. దాని ఎరుపు మాత్రం పక్కన, కుడి కనుబొమ మొదట్లో మసకగా అంటుకుని ఉంది. వీహెచ్ఎస్‌లో రంగు, వెలుగు వేర్వేరు దారుల్లో ప్రయాణిస్తాయి. రంగు కాస్త ఆలస్యంగా వస్తుంది. రంగుని మాత్రం నాలుగు చుక్కలు ఎడమకి జరిపాను. ఎరుపు వచ్చి బొట్టులో కూర్చుంది.

అమ్మకి ఫొటో పంపితే, "అప్పుడు తిలకమే పెట్టుకునేదాన్ని, స్టిక్కర్లు కాదు" అంది.

జూన్ 28–29

మొదటి పూర్తి ఎన్‌కోడ్. చెడిపోయింది, అది కూడా నా అతి తెలివి వల్ల.

టేపు బొమ్మ అడుగున ఎప్పుడూ కొన్ని గీతలు చిరిగినట్టు ఊగుతుంటాయి. వీసీఆర్‌లో ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారే చోటది. ట్యూబ్ టీవీ ఆ అంచుని ఫ్రేము వెనక దాచేసేది. ఎల్ఈడీ అంతా చూపిస్తుంది. అందుకని అడుగున 10 గీతలు కత్తిరించి, బొమ్మ మధ్యలో ఉంటే అందమని పైన 5, కింద 5 నల్ల గీతలు పెట్టాను. సింగిల్ పాస్, రాత్రంతా నడిచింది.

పరీక్ష కోసం పాత సామాన్ల బండివాడి దగ్గర 600 రూపాయలకి ఒక 21 అంగుళాల ట్యూబ్ టీవీ కొనిపెట్టుకున్నాను. కంప్యూటర్‌లో బాగున్న బొమ్మ దాని మీద పిచ్చెక్కినట్టు వణికింది. సన్నాయి ఆయన తల ఊపితే ముందుకి రెండు, వెనక్కి ఒకటి చొప్పున కొట్టుకుంటోంది. కదలని స్తంభాలు మాత్రం నిశ్చలంగా ఉన్నాయి. అదే గుర్తు: కదిలేవి మాత్రమే వణికితే ఫీల్డుల వరుస తారుమారైందని అర్థం.

సెట్టింగుల్లో పై ఫీల్డు ముందు అనే ఉంది. క్యాప్చర్ కూడా అదే. మరి ఎక్కడ తిరగబడింది? ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు పోసుకుంటూ ఉండగా తట్టింది. బొమ్మని 5 గీతలు కిందకి జరిపాను. బేసి సంఖ్య. సరి గీతలన్నీ బేసి స్థానాల్లోకి, బేసి గీతలన్నీ సరి స్థానాల్లోకి వెళ్లిపోయాయి. ముందు రావాల్సిన క్షణం తర్వాత వస్తోంది.

పైన 4, కింద 6 చేశాను. సన్నాయి ఆయన తల మామూలుగా ఊపాడు.

కంప్యూటర్ ప్లేయర్ ఈ తప్పుని ఎందుకు చూపించలేదంటే, అది రెండు ఫీల్డులనీ ఒకేసారి చూపించేస్తుంది. ముందువెనకల గొడవే దానికి లేదు. ఆ 600 రూపాయలు ఆ ఒక్క సాయంత్రానికే కిట్టుబాటయ్యాయి.

అదే పూట ఇంకోటి దొరికింది. ఎర్ర చీరల అంచుల దగ్గర మాత్రమే, రంగులో మాత్రమే, సన్నటి రంపపు పళ్లు. క్యాప్చర్‌లో రంగు ప్రతి గీతకీ ఉంది. డీవీడీలో రంగు గీతలు సగమే. ఆ సగానికి తగ్గించేటప్పుడు ఇది ఇంటర్‌లేస్ అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో సైజు మార్చే స్కేలర్‌కి విడిగా చెప్పకపోతే, రెండు ఫీల్డుల రంగునీ కలిపి పిసికేస్తుంది. చెప్పాను, పోయింది.

గరుకు తగ్గించే డీనాయిజ్ కూడా పెట్టాను, చాలా తక్కువగా. కొంచెం పెంచి చూస్తే నాన్నమ్మ మొహం మైనపు బొమ్మలా నునుపెక్కింది, బియ్యానికి తోకలు మొలిచాయి. ఆవిడ ముడతలు పోతే ఆవిడ ఎలా అవుతుంది? తగ్గించేశాను.

జులై 5, శనివారం

ఎన్‌కోడ్ బాగా వచ్చింది. డిస్కు రాశాను, దెబ్బతిన్నాను.

లెక్క ఇది. డిస్కులో 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు, 3,760 కోట్ల బిట్లు. 172 నిమిషాలంటే 10,320 సెకన్లు. భాగిస్తే సెకనుకి 3,643 కిలోబిట్లు. ఆడియోకి 192, ప్యాకింగ్ ఖర్చుకి కొంత పోగా వీడియోకి 3,350. అంగుళం వదలకుండా నింపాను. చివర్లో ముచ్చటగా ఉంటుందని పెళ్లి ఫొటోతో కాగితం స్టిక్కర్ ప్రింటు తీసి డిస్కు మీద అంటించాను కూడా.

ప్లేయర్‌లో రెండున్నర గంటలు చక్కగా ఆడింది. అప్పగింతల దగ్గర, అక్క చేతిని నాన్న పాలగిన్నెలో ముంచుతుండగా బొమ్మ ఆగిపోయింది. ధ్వని ముక్కలు ముక్కలు. తర్వాత మొత్తం బిగుసుకుపోయింది. ఇంకో డిస్కు రాస్తే, అదీ అక్కడికి దగ్గర్లోనే.

డిస్కు లోపలి నుంచి బయటి అంచుకి చదవబడుతుంది. చవక డిస్కుల్లో పూత అన్నిటికంటే అధ్వాన్నంగా ఉండేది బయటి అంచులోనే. పెళ్లి వీడియోలో చివరికి వచ్చేది అప్పగింతలే. పైగా నా స్టిక్కర్ ఒక పక్క అర మిల్లీమీటరు జరిగింది, వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువు తేడాకి డిస్కు ఊగుతుంది.

జులై 6, ఆదివారం

మూడు మార్పులు. స్టిక్కర్ లేదు, లోపలి ప్లాస్టిక్ చుట్టు మీద మార్కర్‌తో రాయడమే. డిస్కు 16ఎక్స్ అని గొప్పలు చెప్పుకున్నా 4ఎక్స్‌లో రాయడం. మూడోది, 420 కోట్ల బైట్ల దగ్గర ఆపేసి అంచుని ఖాళీగా వదలడం.

మూడోదానికి వీడియో 3,000 కిలోబిట్లకి దిగాలి. ఇరవై ఏడు నిమిషాల చదివింపుల భాగం ఉంది: స్టేజీ, వరసలో జనం, కవర్లు, స్టీలు బిందెలు. అది తీసేస్తే ఏ బాధా లేదు. అమ్మని అడిగాను.

"అదే కదరా అసలు చూడాల్సింది! ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి."

తీయలేదు. బదులు టూ పాస్ పెట్టాను. మొదటి పాస్‌లో ఎన్‌కోడర్ సినిమా మొత్తం చూసి ఎక్కడెంత కష్టమో రాసుకుంటుంది, రెండో పాస్‌లో పంచుతుంది. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉన్న చదివింపులకి 2,000 దాటలేదు, తలంబ్రాలకి 6,000 దాకా వెళ్లింది. గరిష్ఠం 7,500 దగ్గర కట్టేశాను. డీవీడీ నిబంధన వీడియోకి 9,800 దాకా ఒప్పుకుంటుంది, కానీ ఇంట్లో రాసిన డిస్కుని పాత ప్లేయర్లు ఆ వేగంతో మింగలేవు. చదివింపులే తలంబ్రాల ఖర్చు భరించాయి.

చాప్టర్లు పెట్టాను: గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, చదివింపులు, అరుంధతి, అప్పగింతలు. పాల్ డీవీడీలో ప్రతి 15 ఫ్రేముల్లోపు ఒక పూర్తి ఫ్రేము ఉండి తీరాలి, చాప్టరు అక్కడే మొదలవగలదు కాబట్టి అర సెకను అటూ ఇటూ అవుతుంది. జీలకర్ర బెల్లం దగ్గర అప్పటి స్టూడియోవాళ్లు మంత్రాలు తీసేసి సినిమా పాట కలిపారు, హృదయాకారపు ఫ్రేములో అక్కా బావల్ని పెట్టి మరీ. ఆ మంత్రాలు ఎక్కడా లేవు. ఏ ఫిల్టరూ వాటిని తేలేదు.

రాత్రి పదకొండుకి అప్పగింతలు చివరి దాకా ఆడాయి.

జులై 12–13

అక్క ఫోన్ చేసింది. ఎలాగూ చేస్తున్నావు కదా, ఫిబ్రవరిలో అయిన మేనకోడలి పెళ్లి వీడియోలు కూడా ఒక డిస్కు చెయ్యమని. బంధువులు ఫోన్లలో తీసినవి.

ముందు అందరినీ బతిమాలి అసలు ఫైళ్లు తెప్పించుకున్నాను. చాటింగ్ యాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఈ ఒక్క ముక్క ఆరుగురికి ఆరు రకాలుగా చెప్పాల్సొచ్చింది.

క్యాసెట్ కంటే ఇది తేలికనుకున్నాను. 1920×1080 బొమ్మ, దేనికీ లోటు లేదు. కానీ ఫోన్లు తీసేది సెకనుకి 30 ఫ్రేములు, మన పాల్ 25. ప్రతి ఆరింటిలో ఒకటి తీసేస్తే బారాత్‌లో డ్యాన్స్ చేస్తున్నవాళ్లు సెకనుకి ఐదుసార్లు తట్టుకుని పడబోతున్నట్టు ఉన్నారు. లేని ఫ్రేములని కంప్యూటర్‌తో ఊహించి పుట్టించే ఫిల్టర్ పెడితే గాజుల చేతులు జెల్లీలా సాగాయి. రెండూ వద్దనుకుని ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో టీవీ పద్ధతిలో డిస్కు చేశాను: 720×480, సెకనుకి 29.97. పాల్‌తో పోలిస్తే 96 గీతలు తక్కువ, కానీ ప్రతి ఫ్రేమూ ఉంది. మన దగ్గర అమ్మిన ప్లేయర్లు, టీవీలు దాదాపు అన్నీ రెండు పద్ధతులూ ఆడతాయి. రెండింటినీ ఒకే డిస్కులో కలపకూడదు, అందుకే విడి డిస్కు. ఫోన్లలో ఫ్రేముల వేగం కూడా నిలకడగా ఉండదు, చీకట్లో తగ్గుతుంది. ముందు దాన్ని స్థిరం చేయకపోతే నాదస్వరం ఒక చోట, బుగ్గలు ఉబ్బడం ఇంకో చోట.

చిన్నది చేశాక చూస్తే రంగు తేడాగా ఉంది. మంగళస్నానం సీనులో పసుపు కాస్త ఆకుపచ్చ వైపు జరిగింది, కుంకుమ మాడింది, మామిడి తోరణం మరీ మెరుస్తోంది. సైజు తగ్గిస్తే రంగెందుకు మారుతుంది? హెచ్‌డీ వీడియో రంగుల లెక్క ఒకటి, దానిపేరు బీటీ.709. పాత టీవీ, డీవీడీల లెక్క ఇంకొకటి, బీటీ.601. లెక్క మార్చకుండా సైజు మాత్రం మారిస్తే, ప్లేయర్ పాత లెక్కతో చదివి తప్పు రంగు ఇస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో రీసైజ్ చేసేచోటే ఇన్‌పుట్ 709, అవుట్‌పుట్ 601 అని రాశాను. పసుపు పసుపులా అయింది.

ఇంకొక్కటి. క్యాసెట్‌లో లేని జబ్బు ఇక్కడుంది: మరీ స్పష్టంగా ఉండటం. లాంజోస్ అనే రీసైజ్ పద్ధతితో పదునుగా కుదిస్తే కంచిపట్టు జరీ గీతలు ట్యూబ్ టీవీ మీద చీమలు పాకినట్టు మిణుకుమన్నాయి. ఒక్క గీత మందమున్న వెలుగు ఒకే ఫీల్డులో పడితే అది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. నిలువుగా అతి కొంచెం మసక చేస్తే మిణుకు ఆగింది. నిలువు వీడియోలని ఏం చేయాలో తోచక రెండు పక్కలా నల్లగా వదిలేశాను. పక్కల్లో అదే బొమ్మని మసకగా పరిచే ఫ్యాషన్ నాకు నచ్చదు.

జులై 20, ఆదివారం, అమలాపురం

రెండు డిస్కులు, ఒక హార్డ్ డిస్కు, క్యాసెట్ పట్టుకుని వచ్చాను. 100 జీబీ ఫైలు హైదరాబాద్‌లో ఒకటి, ఇక్కడ ఒకటి. క్యాసెట్‌ని నాన్న బీరువాలో పడుకోబెట్టబోతే ఆపి నిలబెట్టించాను. పడుకోబెడితే చుట్ట అంచు మీద బరువు పడుతుంది. పక్కన సిలికా జెల్ పొట్లాలు రెండు.

డిస్కు పెట్టగానే అందరూ లావయ్యారు. 4:3 బొమ్మని టీవీ తెర నిండా సాగదీసింది. డిస్కులో 4:3 అని నేను రాసిందీ సరిగ్గానే ఉంది, కానీ పసుపు పిన్ను తీగలోంచి ఆ మాట టీవీకి చేరలేదు. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు వెతికి 4:3 పెట్టాను. రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చాయి, అక్క మళ్లీ సన్నబడింది. బావ పక్కనే ఉన్నాడు, తనదేమీ తగ్గలేదన్నాడు.

తలంబ్రాలు వచ్చాయి. బావ తలపాగా మీంచి గింజలు జారి బాసికంలో చిక్కుకోవడం స్పష్టంగా కనిపించింది. నేను తప్ప ఎవరూ గింజల వైపు చూడలేదు. నాన్న వెనక వరసలో మజ్జిగ బకెట్‌తో పోతున్న మనిషిని చూపించి, అది తానేనని రెండుసార్లు చెప్పాడు.

చదివింపుల దగ్గర అమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఒక్కొక్కరి పేరూ చెబుతోంది. స్టీలు బిందె ఇచ్చినావిడ ఎవరో గుర్తు రాక పాజ్ చెయ్యమంది. రెండు నిమిషాలు చూసి, నా చేతిలోంచి రిమోట్ తీసుకుంది.

"ఇలా సన్నగా కనపడటం లేదురా. ఇందాకటిలా నిండుగా పెట్టు."

పెట్టాను. బిందె వెడల్పయింది. "ఆఁ, మన రావులపాలెం పెద్దమ్మ తోటికోడలు" అంది.